టీచింగ్ ప్రాక్టీస్‌లో అందరికీ తొంభై పైనే. అభ్యసన ఫలితాలు ఎలా కొలవాలి?

హాజరుపట్టీ:
అందరికీ నమస్కారం. మా బి.ఎడ్. ప్రోగ్రామ్‌కి అభ్యసన ఫలితాల నివేదిక రాసే పని ఈసారి నా నెత్తిన పడింది. ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ పది ఉన్నాయి. ‘పిల్లలకి ముందే తెలిసినదాన్ని గుర్తించి దానికి తగ్గట్టు పాఠం మలచగలగాలి’, ‘మూల్యాంకనం చేసి ఆ ఫలితాన్ని బోధనలో వాడుకోగలగాలి’ లాంటివి. ప్రతి పేపర్‌కీ కోర్సు అవుట్‌కమ్స్ విడిగా ఉన్నాయి. రెండింటికీ లంకె వేసిన పట్టిక ఉంది, అందులో లంకె ఎంత గట్టిదో చెప్పే 3, 2, 1 అంకెలు ఉన్నాయి. కాగితం మీద ఏ లోటూ లేదు.

చిక్కల్లా టీచింగ్ ప్రాక్టీస్ మార్కులతోనే. దాదాపు అందరికీ తొంభై పైనే. థియరీలో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాళ్లకీ, క్లాస్ టాపర్‌కీ ఇక్కడ తేడా రెండు మూడు మార్కులు. ఈ లెక్కన పది ఫలితాలూ ‘పూర్తిగా సాధించారు’ అని రాసి సంతకం పెట్టేయొచ్చు. కానీ ఇంటర్న్‌షిప్ జరిగిన బడుల్లో టీచర్లని కదిలిస్తే వేరే మాట వస్తోంది: “పాఠం బాగానే చెప్తారండీ, పిల్లలకి వచ్చిందో లేదో మాత్రం చూసుకోరు.”

ఏ ఆధారం చూపిస్తే ఛాత్రోపాధ్యాయులు (బి.ఎడ్. చదువుతున్నవాళ్లు) నిజంగా నేర్చుకున్నారని చెప్పొచ్చు? చేసి చూసినవాళ్లు చెప్పండి. టెంప్లేట్లు మాత్రం వద్దు, నా దగ్గర బోలెడున్నాయి.

నల్లబల్ల:
మీ పాఠ పరిశీలన పత్రం ఒకసారి ఎదురుగా పెట్టుకుని చూడండి. నేను చూసినవాటిలో చాలావరకు వరస ఇదే: ప్రేరణ, శీర్షిక ప్రకటన, కంఠస్వరం, నల్లబల్ల పని, బోధనోపకరణాలు, ప్రశ్నించడం, తరగతి నిర్వహణ, పునశ్చరణ, ఇంటిపని. ఒక్కోదానికి అయిదో పదో మార్కులు. ఇందులో పిల్లవాడు ఎక్కడున్నాడు? వెనక బెంచీలో కూర్చున్న సూపర్‌వైజర్ చూపంతా టీచర్ మీదే.

ఇది సూక్ష్మబోధన నాటి అలవాటు. 1960ల మొదట్లో స్టాన్‌ఫర్డ్‌లో మైక్రోటీచింగ్ మొదలైనప్పుడు ఒక్కో నైపుణ్యాన్ని విడదీసి, కొద్ది నిమిషాల పాఠంలో సాధన చేయించి, వెంటనే ఫీడ్‌బ్యాక్ ఇచ్చేవారు. సాధనకి చక్కటి పద్ధతి, నేను ఇప్పటికీ వాడతాను. ఆ నైపుణ్యాల జాబితానే తెచ్చి చివరి మూల్యాంకన పత్రంగా పెట్టుకోవడంతో గొడవ మొదలైంది. చార్టు చూపించాడా, బోర్డు మీద తేదీ వేశాడా అని టిక్కులు పడుతున్నాయి. మీ పది ఫలితాల్లో చార్టు ప్రస్తావన ఒక్కచోటైనా ఉందా?

వైద్యవిద్యలో జార్జ్ మిల్లర్ 1990లో ఒక పిరమిడ్ ఇచ్చాడు. నాలుగు మెట్లు: తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలడు, రోజూ చేస్తున్నాడు. మన రాతపరీక్ష కింది రెండు మెట్ల దగ్గరే ఆగుతుంది. సూపర్‌వైజర్ ముందు చెప్పే పాఠం మూడోది. మీకు బడి టీచర్లు చెప్తున్నది నాలుగో మెట్టు సంగతి, దానికి మీ దగ్గర ఆధారమే సేకరించట్లేదని నా అనుమానం.

కొత్తటీచర్:
ఆ మూడో మెట్టు కూడా సగమే నిజం సార్. సూపర్‌వైజర్ ఏ రోజు వస్తారో ముందే తెలిసిపోతుంది. మా బ్యాచ్‌లో ఆ పాఠాన్ని ముందురోజే పిల్లలకి ఒకసారి చెప్పేసేవాళ్లు. “జవాబు తెలిస్తే కుడిచెయ్యి, తెలియకపోతే ఎడమచెయ్యి ఎత్తండి” అని పిల్లలతో ఒప్పందం చేసుకున్న ఘనులూ ఉన్నారు. వెనకనుంచి చూస్తే క్లాసంతా చేతులే. పిల్లల భాగస్వామ్యానికి పదికి పది.

ఇక లెసన్ ప్లాన్ రికార్డులు సీనియర్ల దగ్గర్నుంచి జూనియర్లకి వారసత్వంగా వస్తాయి. ‘విద్యార్థి గుర్తిస్తాడు, పోల్చుతాడు, భేదాలు చెప్తాడు’ అని ఒక గడి ఉంటుంది కదా, పద్యానికైనా కిరణజన్య సంయోగక్రియకైనా అందులో అవే మూడు ముక్కలు.

గడియారం:
ఇంత గుంజాటన దేనికి? టీచర్ సత్తా తేలాల్సింది అతని దగ్గర చదివిన పిల్లల మార్కుల్లో. మీ దగ్గర పాసై ఉద్యోగాల్లో చేరినవాళ్ల క్లాసుల ఫలితాలు తెప్పించుకోండి, ప్రోగ్రామ్ బండారం బయటపడుతుంది. మిగతా రూబ్రిక్కులన్నీ (ఏ పనికి ఏ స్థాయి వేయాలో చెప్పే కొలబద్దలు) కాలక్షేపం.

లెక్కలపంతులు:
గడియారం గారూ, వినడానికి సబబుగానే ఉంది. అమెరికాలో ‘వాల్యూ యాడెడ్’ లెక్కల పేరుతో ఏళ్ల తరబడి ఆ పనే చేశారు. దాని మీద అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2014లో ఒక ప్రకటన ఇచ్చింది. పిల్లల మార్కుల్లో కనిపించే హెచ్చుతగ్గుల్లో టీచర్ల వంతు సుమారు 1 నుంచి 14 శాతం అని చాలా అధ్యయనాల్లో తేలిందని అందులో ఉంది. టీచర్ ప్రభావం తక్కువని దీనికి అర్థం చెప్పుకోకూడదని కూడా అక్కడే రాశారు. కానీ టీచర్ వంతే అంత అయితే, ఆ టీచర్‌ని తయారుచేసిన కాలేజీ వంతు అందులోంచి ఎలా విడదీస్తారు?

పైగా కొత్తగా చేరినవాళ్లని ఏ బడికి పంపుతారు, ఏ సెక్షన్ ఇస్తారు అన్నది ఎవరి చేతుల్లోనో ఉంటుంది. చదువుకున్న ఇళ్ల పిల్లలున్న బడిలో పడితే మీ ప్రోగ్రామ్ గొప్పది. ఇంట్లో మొదటిసారి బడిమెట్లెక్కిన పిల్లలున్నచోట పడితే నాసిరకం. ఇదేం న్యాయం?

హాజరుపట్టీ గారు అడుగుతున్నది ఇంకా తన దగ్గరే ఉన్నవాళ్ల గురించి. వాళ్ల పని నేరుగా చూసే వీలుండగా రెండేళ్ల తర్వాత వచ్చే మార్కుల కోసం కాచుకుని కూర్చోవడం ఎందుకు?

గడియారం:
సరే, ఆ మార్కులు వద్దు. పిల్లలు ఏం నేర్చుకున్నారన్నది మాత్రం ఏదో రూపంలో లెక్కలో ఉండి తీరాలి. దాన్ని వదిలేశామా, మళ్లీ చార్టుల దగ్గరికే వస్తాం.

సుద్దముక్క:
ఇక్కడ నేను గడియారం గారి వైపే. నేను బడిలో లెక్కల టీచర్‌ని, ఇంటర్న్‌షిప్‌కి వచ్చే ఛాత్రోపాధ్యాయులకి మెంటర్‌గా ఉంటాను. పిల్లలు ఏం నేర్చుకున్నారో చూడటానికి పెద్ద పరీక్షలేం అక్కర్లేదు. నోటుబుక్కులు చాలు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఆరో తరగతి, భిన్నాల కూడిక. ఒక అమ్మాయి ఇలా రాసింది:

1/2 + 1/3 = 2/5

నా దగ్గరికి వచ్చిన ఇద్దరికి ఆ పేజీ ఇచ్చి, ‘ఇది చూసి మీరేం చేస్తారో రాయండి’ అన్నాను.

ఒకతను రాసింది: “తప్పు. క.సా.గు. రాలేదు. నియమం మళ్లీ వివరించి, ఇలాంటివి అయిదు లెక్కలు ఇంటిపనిగా ఇస్తాను.”

ఇంకో అమ్మాయి రాసింది: “లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కూడింది. అంటే భిన్నాన్ని ఒక్క సంఖ్యగా చూడట్లేదు, పైనొకటి కిందొకటి రెండు సంఖ్యలనుకుంటోంది. 2/5 అంటే సగం కంటే తక్కువ. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందమ్మా అని అడుగుతాను. కాగితం పట్టీలు మడిపించి 1/2, 2/5 పక్కపక్కన పెట్టిస్తాను. అది కుదిరాక క.సా.గు. సంగతి చూస్తాం.”

ఇద్దరికీ ప్రాక్టీస్ మార్కులు ఇంచుమించు సమానం. ఆ అమ్మాయికి మాత్రం రేపే క్లాసు అప్పజెప్పి నేను నిశ్చింతగా సెలవు పెట్టగలను. హాజరుపట్టీ గారు రాసిన ‘మూల్యాంకనం చేసి ఆ ఫలితాన్ని బోధనలో వాడుకోవడం’ అంటే నాకు తెలిసి ఇదే. నలభై నిమిషాల పాఠం వెనక కూర్చుని చూసినా ఇది కనబడదు.

కొత్తటీచర్:
మేడమ్, ఆ రెండో జవాబు బి.ఎడ్.లో ఏ పేపర్లో రాస్తే మార్కులొస్తాయి? మాకు మెథడాలజీలో ‘ఆగమన, నిగమన పద్ధతుల భేదాలు రాయుము’ అడిగారు.

నల్లబల్ల:
కొత్తటీచర్ గారు అడిగినదాంట్లోనే అసలు కీలకం ఉంది. లీ షుల్మన్ 1986లో ‘పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్’ అన్నది దీన్నే. సబ్జెక్టు రావడం ఒకటి, బోధనా పద్ధతులు రావడం ఒకటి. ఫలానా పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారు, ఎందుకు తడబడతారు, ఆ చోట ఏ ఉదాహరణ పనిచేస్తుంది అన్నది మూడోది. మనం మొదటి రెండింటికీ పేపర్లు పెట్టి మూడోదాన్ని గాలికి వదిలేశాం.

పరీక్షలో ఏది అడిగితే చదువు అటే నడుస్తుంది. జాన్ బిగ్స్ 1996లో ‘కన్‌స్ట్రక్టివ్ అలైన్‌మెంట్’ అని రాసింది ఈ సంగతే. రాసుకున్న ఫలితం, క్లాసులో చేయించే పని, చివర పెట్టే పరీక్ష ఈ మూడూ ఒకే దారిన పోవాలి. ‘వాడుకోగలగాలి’ అని ఫలితం రాసి, ‘నిర్వచింపుము’ అని ప్రశ్న ఇస్తే వాళ్లు నిర్వచనమే నేర్చుకుంటారు. అభ్యసన లక్ష్యాల్ని కింది నుంచి పైకి మెట్లుగా పేర్చిన బ్లూమ్ వర్గీకరణ 1956లో వచ్చింది, 2001లో సవరణ కూడా అయింది. క్రియాపదాలు పట్టుకుని ఫలితాలు రాయడం అందరికీ వచ్చేసింది. ప్రశ్నపత్రం దగ్గరికి వచ్చేసరికి అన్నీ కింది మెట్టు మీదే.

హాజరుపట్టీ గారూ, ఇంటర్నల్ పరీక్షల్లో అయినా ఒక ప్రశ్న మార్చండి. పిల్లల రాత ఉన్న ఒక పేజీ అచ్చు వేసి, ‘ఈ పిల్లవాడు ఏమనుకుంటున్నాడు? రేపటి క్లాసులో మీరేం చేస్తారు?’ అని అడగండి. గైడులో జవాబు దొరకదు.

కిటికీపక్క:
సుద్దముక్క గారు చెప్పినదాన్ని పెద్ద ఎత్తున చేసి చూసిన అనుభవం ఒకటుంది. ఎడ్‌టీపీఏ, టీచర్ కాబోయేవాళ్ల పనిని చూసి మార్కులు వేసే పరీక్ష. స్టాన్‌ఫర్డ్‌లో తయారైంది, 2013 నుంచి అమెరికాలో చాలా రాష్ట్రాలు వాడాయి. మూడు భాగాలు: ప్రణాళిక, బోధన, మూల్యాంకనం. వరసగా చెప్పిన కొన్ని పాఠాల ప్రణాళికలు, క్లాసు వీడియో ముక్కలు, పిల్లలు రాసిన కాగితాలు, వాటి మీద అభ్యర్థి ఇచ్చిన ఫీడ్‌బ్యాక్, ఇవన్నీ ఎందుకు చేశారో వివరణ. ఎక్కువ సబ్జెక్టుల్లో 15 రూబ్రిక్కులు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మూడో భాగం అచ్చంగా ఆ నోటుబుక్కు పేజీ లాంటిదే.

దాని గతేమైందో కూడా చూడాలి. అభ్యర్థి సొంతంగా ఫీజు కట్టాలి. బడినీ పిల్లల్నీ ఎప్పుడూ చూడని బయటి వ్యక్తి మార్కులు వేస్తారు. పేజీలకి పేజీలు వివరణ రాయాలి కాబట్టి రాయడం బాగా వచ్చినవాళ్లకి మొగ్గు. మార్కుల విశ్వసనీయత లెక్కగట్టిన తీరు మీద పరిశోధకులు గట్టి అభ్యంతరాలు చెప్పారు. లైసెన్సు దాని మీదే ఆధారపడే సరికి ఇంటర్న్‌షిప్ అంతా పోర్ట్‌ఫోలియో తయారీగా మారిందనే ఫిర్యాదు కూడా వచ్చింది. జార్జియా 2020లో, న్యూయార్క్ 2022లో ఆ షరతు ఎత్తేశాయి. అందువల్ల వీడియో, పిల్లల రాత, వివరణ అనే మూడింటినీ తీసుకోండి. దాని మీద పాసా ఫెయిలా అని కత్తి మాత్రం వేలాడదీయకండి.

సుద్దముక్క:
కత్తి మాటెత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. అందరికీ తొంభై ఎందుకు వస్తున్నాయో తెలుసా? మార్కులు వేసేది మేమూ, సూపర్‌వైజర్లూ. వారాల తరబడి మా స్టాఫ్‌రూమ్‌లో మా పక్కన కూర్చున్న పిల్లలు వాళ్లు. వాళ్ల ఇంటి సంగతులు కూడా తెలిసిపోతాయి. అరవై వేస్తే ఉద్యోగం రాకుండా పోతుందేమోనన్న భయం. నేర్పించే చేత్తోనే తీర్పు రాయమంటే ఎవరైనా మెత్తబడతారు. మార్కుల ప్రస్తావన లేకుండా ‘ఈ వారం ఇతనిలో ఏం చూశారు, ఒక ఉదాహరణ రాయండి’ అని అడిగితే మేం దాపరికం లేకుండా రాస్తాం. ఆ కాగితాన్ని ఎవరూ అడగరు, మార్కుల షీటే అడుగుతారు.

హాజరుపట్టీ:
ఈ మాట నాకు బాగా తగిలింది మేడమ్. అంటే అభ్యర్థికి వేసే మార్కు వేరు, ప్రోగ్రామ్‌ని అంచనా వేయడానికి తీసుకునే ఆధారం వేరు అనుకోవచ్చా? రెండూ ఒకే కాగితంలోంచి రావాలన్న నియమం ఎక్కడా కనబడలేదు.

నల్లబల్ల:
అనుకోవచ్చు, అనుకోవాలి కూడా. ప్రోగ్రామ్ కోసం అయితే అందరి పనీ చూడక్కర్లేదు. లాటరీ తీసి కొంతమందివి తీసుకోండి, పేర్లు దాచేయండి, ఆ అభ్యర్థికి పాఠం చెప్పని లెక్చరర్‌తో చదివించండి. ఎవరి ఉద్యోగమూ పోదు కాబట్టి చదివేవాళ్లు నిక్కచ్చిగా ఉంటారు.

లెక్కలపంతులు:
చదివించేది ఒక్కరితో మాత్రం వద్దు, ఇద్దరితో. ఇద్దరూ కలిశారా లేదా అన్నది కూడా సరిగ్గా లెక్కేయాలి. శాతం చూసి మురిసిపోతే బోల్తా పడతాం. ఊహించిన అంకెలతో చూపిస్తాను.

20 పాఠాలు, ఇద్దరు పరిశీలకులు, ‘సరిపోతుంది’, ‘సరిపోదు’ అని రెండే తీర్పులు. 16 పాఠాలు సరిపోతాయని ఇద్దరూ అన్నారు. ఒకటి సరిపోదని ఇద్దరూ అన్నారు. రెండింటిని మొదటివారు ఒప్పుకుంటే రెండోవారు కాదన్నారు. ఒకదాన్ని రెండోవారు ఒప్పుకుంటే మొదటివారు కాదన్నారు. మొత్తం 20లో 17 కలిశాయి. 85 శాతం, బ్రహ్మాండం అనిపిస్తుంది.

కానీ మొదటివారు 20లో 18, రెండోవారు 17 పాస్ చేశారు. అంత ఉదారంగా వేసేవాళ్లు పాఠాలు చూడకుండా కళ్లు మూసుకుని వేసినా 78 శాతం దాకా వాటంతటవే కలిసిపోతాయి. 0.9ని 0.85తో, 0.1ని 0.15తో గుణించి కూడండి, 0.78 వస్తుంది. జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా సూత్రం ఈ కాకతాళీయాన్ని తీసేస్తుంది. 0.85లోంచి 0.78 పోతే 0.07. దాన్ని 0.22తో భాగిస్తే 0.32 దగ్గర ఆగుతుంది. ఏ కొలమానంతో చూసినా బలహీనమే. అందరికీ తొంభైలు వేసేచోట ఏకాభిప్రాయం కూడా ఉత్తదే అవుతుంది, ఇక్కడ కనబడేది అదే.

దీనికి మందు ఏమిటంటే, రూబ్రిక్ వాడే ముందు నలుగురూ కూర్చుని అవే రెండు మూడు పాఠాలకి విడివిడిగా స్థాయిలు వేయడం, తేడా వచ్చినచోట ‘నువ్వేం చూసి 3 వేశావు’ అని అడుక్కోవడం. మొదటిసారి వాదనలు బాగానే అవుతాయి. అవ్వాలి కూడా.

గడియారం:
ఈ కప్పాలూ గిప్పాలూ నివేదికలో పెడితే చదివేదెవరు? నాదొక ప్రశ్న. ఆ 3, 2, 1 పట్టిక సంగతి ఏం చేస్తారు? అడిగేది దాన్నేగా.

లెక్కలపంతులు:
పట్టిక ఉండనివ్వండి. ఏ పేపర్ ఏ ఫలితానికి పనికొస్తుందో చెప్పే మ్యాప్ అది, అంతవరకు మంచిదే. దాని మీద సగటులు కట్టడం మొదలయ్యాక ప్రమాదం. ఒక పేపర్లో 70 శాతం మంది 60 మార్కులు దాటారు కాబట్టి ఆ పేపర్‌కి 3, ఆ పేపర్ నాలుగో ఫలితానికి లంకె ఉంది కాబట్టి నాలుగో ఫలితానికీ 3. తీరా చూస్తే ఆ పేపర్లో నాలుగో ఫలితానికి సంబంధించినది ఒకే ఒక ప్రశ్న, అదీ ఛాయిస్‌లో వదిలేసే వీలున్నది. ఎవరూ రాయకపోయినా ‘సాధించారు’ అని వస్తుంది! పేపర్ మొత్తం మార్కులు కాకుండా, ఆ ఫలితాన్ని పరీక్షించే ప్రశ్నకో పనికో వచ్చిన స్థాయిల్ని చూపండి. సగటు బదులు ఏ స్థాయిలో ఎంతమంది ఉన్నారో చూపండి. కింది స్థాయిలో ఉన్నవాళ్లు ఎవరో తెలిస్తేనే ఏదైనా చేయగలం.

కొత్తటీచర్:
క్లాసులో ఎవరి మాట ఎంతో లెక్కగట్టే పద్ధతి ఇచ్చిన ఫ్లాండర్స్ గుర్తొచ్చాడు. పది వర్గాలు: టీచర్ మాట ఏడు, పిల్లల మాట రెండు, నిశ్శబ్దమో గందరగోళమో ఒకటి. అన్నీ కంఠతా పట్టి పరీక్ష రాశాం. ఒక్కసారి కూడా వాడింది లేదు. అలాంటివి ఇప్పుడు పనికొస్తాయా?

కిటికీపక్క:
భేషుగ్గా. ఫోన్‌లో సొంత పాఠం పది నిమిషాలు ఆడియో రికార్డు చేసుకుని, మూడు సెకన్లకొక అంకె వేసుకుంటూ పోతే రెండొందల అంకెలు వస్తాయి. అందులో పిల్లల మాట ఎంతో చూసుకున్న అభ్యర్థికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఇంకా తేలికది: ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగారు? మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో చూపించినదాని ప్రకారం టీచర్లు మామూలుగా ఒక సెకను ఆగుతారు, అంతే. మూడు సెకన్లు, ఆపైన ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, మాట్లాడనివాళ్లూ నోరు విప్పుతారు. ఇంటర్న్‌షిప్ మొదట్లో ఒక రికార్డింగు, చివర్లో ఒకటి తీసుకుంటే మార్పు వచ్చిందో లేదో తెలిసిపోతుంది. ‘ప్రశ్నించే నైపుణ్యం: 9/10’ కంటే ఎన్నో రెట్లు నయం. వీడియో అయితే పిల్లల మొహాలు పడతాయి కాబట్టి బడి అనుమతీ తల్లిదండ్రుల అనుమతీ తప్పనిసరి. ఆడియో కూడా చెప్పి చేయడమే పద్ధతి.

గడియారం:
పూర్వవిద్యార్థుల సర్వే సంగతి? అందరూ అదే పెడుతున్నారు.

నల్లబల్ల:
‘ప్రోగ్రామ్ మీకు ఎలా అనిపించింది’ అంటే ‘చాలా బాగుంది’ అంటారు. అది తృప్తికి ఆధారం, నేర్చుకున్నదానికి కాదు. ఉద్యోగంలో చేరి ఆరునెలలైనవాళ్లని ‘మీరు కాలేజీలో నేర్చుకున్నదాంట్లో ఈ వారం క్లాసులో వాడినది ఒకటి చెప్పండి, తెలిసుంటే బాగుండేదనిపించినది ఒకటి చెప్పండి’ అని అడిగితే ఏదైనా తెలుస్తుంది. అయినా అది పక్కవాద్యమే.

హాజరుపట్టీ:
ఇవన్నీ చదివి ఒక చిత్తుప్రతి రాశాను. ముందు ఒక్క ఫలితంతోనే మొదలుపెడదామని. ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ ఇంటర్న్‌షిప్‌లో ముగ్గురు పిల్లల రాతలు తీసుకుని, తన విశ్లేషణ రెండు పేజీలకు మించకుండా రాస్తాడు. లాటరీ తీసి కొన్నింటిని ఇద్దరు విడివిడిగా చదువుతారు. స్థాయిలు ఇవి:

స్థాయి 1: జవాబు తప్పో ఒప్పో మాత్రమే గుర్తించారు.
స్థాయి 2: తప్పు ఏ మెట్టులో జరిగిందో చూపారు.
స్థాయి 3: తప్పు వెనక పిల్లవాడి ఆలోచన ఏమిటో రాతలోని ఆధారంతో వివరించారు.
స్థాయి 4: దానికి తగ్గ ప్రశ్న లేదా పని ఇచ్చి, పిల్లవాడు తప్పు సరిదిద్దుకున్నాడని రెండో రాతతో చూపారు.

తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.

సుద్దముక్క:
ఒకటి, రెండు బాగున్నాయి. నాలుగోదాన్ని ఇలాగే ఉంచితే మాత్రం అందరి రెండో రాతలూ ముత్యాల్లా సరిగ్గా ఉంటాయి. పిల్లవాడి పక్కన కూర్చుని వాళ్లే రాయించేస్తారు. నిజం క్లాసులో మనం ఇచ్చిన పని చాలాసార్లు పారదు. పారలేదని చూసి, ఎందుకు పారలేదో చెప్పగలిగినవాళ్లకీ నాలుగే ఇవ్వండి. ‘సరిదిద్దుకున్నాడని చూపారు’ తీసేసి ‘ఆ తర్వాత పిల్లవాడి ఆలోచన ఎంతవరకు కదిలిందో, కదలకపోతే ఎందుకో రెండో రాత ఆధారంగా చెప్పారు’ అని పెట్టండి.

మూడోదాంట్లో ‘తప్పు వెనక’ అన్నారు. ఒప్పు వెనక కూడా చూడాలి. 16/64 లో పైన ఆరునీ కింద ఆరునీ కొట్టేసి 1/4 అని రాసే పిల్లలుంటారు. జవాబు అక్షరాలా ఒప్పే. టిక్కు పెట్టి పేజీ తిప్పేసే టీచర్ ఏ స్థాయి? ముగ్గురు పిల్లల్లో ఒకరిది ఒప్పు జవాబై ఉండాలని షరతు పెట్టండి.

హాజరుపట్టీ:
రెండూ మార్చేశాను మేడమ్. ఆ 16/64 నేను మెథడాలజీ క్లాసులో కూడా వాడుకుంటాను.

ఇక మిగిలింది ఈ ఏడాది నివేదిక. ఇదంతా వచ్చే బ్యాచ్‌కి. నా చేతిలో ఇప్పుడున్నవి పాత తొంభైలే. వాటితో ఏం రాయను?

నల్లబల్ల:
థియరీ పేపర్లతో తేలే ఫలితాలకి ప్రశ్నలవారీగా లెక్క తీసి రాయండి. ప్రాక్టీస్ మార్కుల మీదే నిలబడిన ఫలితాలు మీ పదింటిలో ఏవో విడదీసి, ‘ప్రస్తుత పరిశీలన పత్రం ఈ ఫలితాన్ని కొలవదు, వచ్చే బ్యాచ్ నుంచి ఫలానా పని ద్వారా ఆధారం సేకరిస్తాం’ అని రాసి, మీ చిత్తుప్రతి జతచేయండి. ఏం మార్చబోతున్నారో చెప్పే నివేదికకి, పదికి పది సాధించామనే నివేదిక కంటే విలువ ఎక్కువ. వచ్చే ఏడాది సగంమంది స్థాయి 2 దగ్గరే ఉన్నారని తేలిందనుకోండి, మెథడాలజీ పేపర్‌లో ఏం తగ్గించి ఏం పెంచాలో అప్పుడు మీకే తెలుస్తుంది.

గడియారం:
పైవాళ్లు ఒప్పుకోకపోతే?

నల్లబల్ల:
పట్టిక కూడా జతచేస్తారు కదా సార్. అడిగింది ఇచ్చాం, అదనంగా ఇంకొకటి ఇచ్చాం. అదనంగా ఇచ్చినదాన్ని వెనక్కి పంపినవాళ్లని నేనైతే చూడలేదు.

సుద్దముక్క:
రూబ్రిక్ సాధన చేయడానికి పేజీలు కావాలంటే నా దగ్గరున్నాయి. భిన్నాలు, ఋణసంఖ్యలు, వైశాల్యం. పేర్లు చెరిపి ఫొటోలు తీసి పంపుతాను. సైన్సు, భాషల టీచర్లు కూడా తలో నాలుగు ఇస్తే అన్ని మెథడాలజీలకీ సరిపోతాయి.

కిటికీపక్క:
సైన్సువి నేను పంపుతాను. ‘మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయి’ అని తప్పుగా రాసిన జవాబులు ఒక కట్ట ఉన్నాయి. అందులో సగం వాటికి ఎవరో టీచర్ టిక్కు కూడా పెట్టారు, అవి విడిగా పెడతాను.